పలుగురాయి, పత్తిదారం, ఒక పచ్చడి సీసా

సువార్తమ్మ చేతులు కడుక్కోకుండా దండ కట్టడం వల్లే మా డి.డి. గారి మెడ మండిందని మా శాఖలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు టీ తాగుతూ చెబుతారు. చెప్పే ప్రతివాడూ ఆ రోజు తాను అక్కడే ఉన్నానంటాడు. ప్రదర్శనలో మా స్టాలు వెడల్పు పది అడుగులు. ఇంతమంది అందులో ఎలా పట్టారో నాకు తెలియదు. మెడ మండిన మాట నిజం. చేతులు కడుక్కోలేదన్నది అబద్ధం. ఆమె దండ కట్టడం నేర్చుకున్న శిక్షణకు బాధ్యురాలిని నేనే. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను కనుక ఇప్పుడు ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడాల్సిన అవసరం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉద్యోగం వదలడానికి నాలుగేళ్ల ముందు, మిరప కోతలు ఊపందుకున్న ఫిబ్రవరిలో, నన్ను చిలకలూరిపేట శిక్షణ కేంద్రానికి వేశారు. నా హోదా శిక్షణాధికారి. నాపైన జిల్లా స్థాయిలో డిప్యూటీ డైరెక్టరు, అంటే డి.డి. నా కింద ఒక అటెండరు ఉన్నట్టు కాగితాల్లో ఉండేది. రాళ్లకు రాగితీగ, దారం చుట్టి నగలు చేయడం పన్నెండు మంది మహిళలకు రెండు నెలల్లో నేర్పాలి. ‘మన రాయి, మన పత్తి’ అని బ్యానరు ముందే వచ్చింది. రాళ్లు, పత్తిదారం తరవాత వచ్చాయి.

తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. ఈ పనిలో రాయికి రంధ్రం చేయరు. కనిగిరి వైపు పొలాల్లో నాగలికి అడ్డుపడే తెల్లటి పలుగురాళ్లు తెప్పించుకున్నాం. వాటికి రంధ్రం చేయబోతే చిట్లిపోతాయి. అందుకని లావు తీగతో రాయి చుట్టూ చట్రం కట్టి, సన్నతీగతో దాన్ని బిగిస్తాం. దారమైతే ముడి మీద ముడి వేస్తూ వల అల్లి, రాయిని అందులో కూర్చోబెడతాం. రాయి ఎటు జారాలని చూస్తోందో ముందు కనిపెట్టి, అక్కడ ముడి వేయాలి. ఈ ఒక్క సంగతి వంటబట్టడానికి మామూలుగా నెల పడుతుంది.

సువార్తమ్మకు మూడు రోజులు పట్టింది. నలభై దాటిన మనిషి. పొద్దున్నే హైవే పక్కన ఉన్న మిర్చి యార్డులో తొడిమలు తీసి, మధ్యాహ్నం రెండింటికి మా దగ్గరికి వచ్చేది. ఇరవై ఏళ్ల ఘాటుకు ఆమెకు దగ్గు పట్టుకుంది. మిరపకాయల దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడు. మిరపకాయలు లేని పని ఆ చుట్టుపక్కల ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. అది మా కేంద్రంలో ఉంది. శిక్షణ ముగిశాక పన్నెండు మందిలో ఒకరిని మాస్టర్ ట్రైనరుగా తీసుకుంటారు. నెలనెలా గౌరవ వేతనం. ఆమె వచ్చింది దాని కోసమే, ఆ మాట దాచలేదు కూడా.

పక్కన కూర్చునే మస్తాన్‌బీ దర్జీ పని చేసేది. నోరు ఊరుకునేది కాదు.

“ఏందే సువార్తా, రాయిని కూడా మిర్చి టిక్కీ బస్తా కుట్టినట్టు కుడుతున్నావ్?”

“కుడితే జారదులే. నీ రాయి చూడు, మాట పడ్డ మొగుడిలా మూతి తిప్పుకుని కూర్చుంది.”

ఇక అసలు సంగతి. మిల్లు దారం ఉత్తదే వాడితే పోగులు లేస్తుంది. తేనెమైనంలో కాస్త ఆముదం కలిపి, కరిగించి దారానికి పట్టించాలి. ఆముదం లేకపోతే మైనం పెచ్చులుగా రాలిపోతుంది. కావలసిన సామాను జాబితాను మా భాషలో ఇండెంటు అంటారు. అందులో మైనం, ఆముదం రెండూ రాసి పంపాను. మైనం మంజూరైంది. ఆముదం మీద ఎర్ర సిరా గీత పడి తిరిగొచ్చింది. పక్కన డి.డి. గారి చేతిరాత: ‘అలంకార వస్తువులకు నూనె అవసరం లేదు.’

మళ్లీ రాసి పంపొచ్చు. అది తిరిగి వచ్చేసరికి శిక్షణ అయిపోతుంది. అందుకని, “ఎవరింట్లో ఉంటే వాళ్లు కాస్త ఆముదం తీసుకురండి” అన్నాను. నోటిమాటగానే అన్నాను. మర్నాడు సువార్తమ్మ వెడల్పు మూతి పచ్చడి సీసాలో సగానికి పైగా తెచ్చింది. సమస్య తీరిందని సంతోషించాను. మైనం కాచి దారానికి పట్టించింది కూడా ఆమే, నా ఎదుటే, నేను చెప్పిన కొలతతోనే.

చేతుల విషయానికి వస్తే, మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చేవాళ్లు నలుగురున్నారని నాకు మొదటి రోజే తెలుసు. గుమ్మం దగ్గర బకెట్టు, సబ్బు పెట్టించి, కడుక్కున్నట్టు సంతకం చేయడానికి ఒక రిజిస్టరు తెరిచాను. నా మీద చాలా ఆరోపణలున్నాయి గానీ రిజిస్టర్లు తెరవలేదన్న ఆరోపణ ఎవరూ చేయలేరు.

ఏప్రిల్‌లో గుంటూరులో ప్రదర్శన పెట్టారు. డి.డి. గారు రిబ్బను కత్తిరించి మా స్టాలు దగ్గరికి వచ్చారు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు.

“అన్నీ ఆడవాళ్లకేనా? ఏం, మాకు మెడ లేదా?” అంటూ సువార్తమ్మ కట్టిన దారపు దండ తీసి వేసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ప్రసంగం మొదలుపెట్టారు. ఎండ మండిపోతోంది, ఆయనకు చెమట ఎక్కువ. ‘స్థానిక వనరులు’ దగ్గర ఒకసారి మెడ గోక్కున్నారు. ‘మహిళా సాధికారత’ దగ్గర రెండు చేతులతో గోక్కున్నారు. తరవాత జేబురుమాలు తీసి మెడ తుడుచుకుని, అదే రుమాలుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ రెండో పని చేయకుండా ఉంటే ఈ వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు.

మూడు రోజుల్లో నివేదిక వచ్చింది. ‘శిక్షణార్థి వ్యక్తిగత పరిశుభ్రత పాటించనందున’ అని కారణం రాశారు. మాస్టర్ ట్రైనరు జాబితాలో మొదటి పేరు సువార్తమ్మది. దాన్ని పెండింగులో పెట్టారు.

నేను మిగిలిన దారంలో ఒక ముక్క కోసి, సబ్బుతో రెండుసార్లు ఉతికి, ఆరబెట్టి, మణికట్టు లోపలివైపు కట్టుకున్నాను. అరగంటలో భగ్గుమంది. అంటే మంట దారం పైన అంటుకున్నది కాదు, లోపల ఇంకింది. మస్తాన్‌బీ నా చెయ్యి చూసి నవ్వాపుకోలేకపోయింది.

“సబ్బుకి యాడ పోద్ది మేడమ్ అది? మిరపకాయ ఘాటు నూనెలోకే దిగుద్ది. అందుకేగా యార్డులో పనికి ముందు ఆముదం రాసుకునేది.”

నేను సువార్తమ్మ వైపు తిరిగాను. “ఆ పచ్చడి సీసా యార్డుదా?”

“మరింకెక్కడిదండీ? ఇంట్లో ఆముదం దేనికి మాకు? పదిమందిమీ దాన్లోనే వేళ్లు ముంచుతాం. పని మధ్యలో కూడా ముంచుతాం.”

“నీకు మండలేదా?”

“మా చేతులకి తెలవదండీ.”

అక్కడికి లెక్క తేలింది. సీజనంతా మిరపకాయల చేతులు మునిగిన నూనె మైనంలోకి, మైనంలోంచి దారంలోకి, డి.డి. గారి చెమటతో కలిసి ఆయన మెడలోకి చేరింది. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఒకటే. నేను నాలుగు పేజీల నోటు రాశాను. గీత పడిన ఇండెంటు, రిజిస్టరు నకలు జతచేశాను. నూనె తెమ్మన్నది నేనేనని కూడా రాశాను.

జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటు అనుభవజ్ఞుడు. నోటు మొత్తం చదివి కళ్లద్దాలు తీశాడు. “మేడమ్, నూనె అని రాస్తే ఇండెంటు కొట్టేసిందెవరని అడుగుతారు. చేతులు అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఆవిడ చేత క్షమాపణ రాయించండి. ఫైలు మూసేసి ట్రైనరుగా ఆర్డరు ఇప్పిస్తాను.”

నేను చిలకలూరిపేట వచ్చి సువార్తమ్మకు సంతకం పెట్టొద్దని చెప్పాను. గట్టిగా వాదించాను.

“నువ్వు చెయ్యని తప్పు ఇది. చేతులు కడుక్కున్నట్టు నీ సంతకాలు నలభై ఉన్నాయి నా దగ్గర.”

“నలభై పెట్టినా పని రాలేదుగా మేడమ్. ఈ ఒక్కటీ పెడితే వస్తుందంటున్నారు.”

“జీవితాంతం నిన్ను చూసి నవ్వుతారు.”

“వాళ్లు నవ్వితే నాకు దగ్గు రాదండీ. పెన్ను ఇటివ్వండి.”

ఇచ్చాను. ‘ఇకపై చేతులు శుభ్రంగా కడుక్కుంటాను’ అని సూపరింటెండెంటు పంపిన నమూనా కింద, రిజిస్టరులో పెట్టినంత తీరుగా సంతకం పెట్టింది. పది రోజుల్లో ఆర్డరు వచ్చింది. ఆమె యార్డు మానేసింది. నేను అక్కడ ఉన్నంతకాలం బ్యాచి తరవాత బ్యాచికి ఆమే నేర్పింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. ఆముదం మాత్రం తనే కొత్త డబ్బా కొనుక్కొచ్చేది. ఇండెంటు రాయనిచ్చేది కాదు.

ఆ ఆర్డరు వచ్చిన వారంలోనే నాకూ ఒక కాగితం వచ్చింది. మంజూరు కాని నూనెను బయటి నుంచి తెప్పించి ప్రభుత్వ శిక్షణలో వాడినందుకు, దానివల్ల ఒక అధికారికి శారీరక అసౌకర్యం కలిగించినందుకు మందలింపు మెమో. నా నాలుగు పేజీలను ఎవరూ చదవలేదనుకున్నాను. చదివారు, నాకు పనికొచ్చే చోట తప్ప.

ఈ వ్యవహారం నాకు నేర్పింది కొద్దిదే. ఇండెంటులో కొట్టేసిన వస్తువును కిందివాళ్ల ఇళ్లనుంచి తెప్పిస్తే, దాని బాధ్యత కూడా వాళ్ల ఇంటికే పోతుంది. ఆ తరవాత నేను అలా ఎప్పుడూ తెప్పించలేదు. సామాను లేకపోతే పని ఆపి, ఎందుకు ఆపానో రాసి పంపాను. దానికీ రెండు మెమోలు వచ్చాయి, అవి వేరే.

అయితే ఒక్క సంగతి ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. సువార్తమ్మ ఫైల్లో తప్పు చేతులది. నా ఫైల్లో తప్పు నూనెది. రెండింటి కిందా ఉన్నది ఒకే డి.డి. గారి సంతకం. తప్పు చేతులదైతే నాకు మెమో ఎందుకిచ్చారు? నూనెదైతే, ఆవిడ చేత ఆ క్షమాపణ ఎందుకు రాయించుకున్నారు?