కాలువ కట్ట ఎక్కని జాల్యా బండి

జాల్యా బండి మొండికేసిన ఆ రోజుల్లో కాలువ కట్ట ఎంత ఎత్తుందో నా మోకాళ్లకు బాగా తెలిసొచ్చింది. నేను అంగన్‌వాడీ టీచర్ని. కురవిలో ఉంటాను, కట్ట అవతలి తండాలో పనిచేస్తాను. మిర్చి ఏరే ఆడవాళ్లను పొద్దున్నే దంతాలపల్లి వైపు చేన్లకు తీసుకెళ్లే జాల్యా వ్యాన్‌లో ముందు సీటు నాది. గౌరవం కొద్దీ ఇచ్చింది కాదు, వెనక చోటుండదు. ఆడవాళ్లను చేన్ల దగ్గర దింపి, తిరుగుదారిలో నన్ను తండాలో దింపుతాడు.

జాల్యాది ఆ తండానే. పేరుకు కాస్త చెలక భూమి ఉంది గానీ అది ఇంటిల్లిపాదినీ సాకదు. మిర్చి ఏరే నెలల్లో ఆ పాత డీజిల్ బండి రోజూ ఆడితేనే ఇల్లు గడుస్తుంది. మనిషి మంచివాడే. కష్టమొస్తే అర్ధరాత్రయినా బండి తీస్తాడు. కానీ తప్పు మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్లదే. టైరు పంక్చరైతే రోడ్డు వేసినవాడిది, అన్నం మాడితే బియ్యం అమ్మినవాడిది. ఆయన భార్య మంగ్లీ ఈ మనిషితో ఎట్లా వేగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

టైమింగ్ బెల్టు పోగులు లేచిందని కురవి రోడ్డు మీద మెకానిక్ నగేష్ షెడ్డులో కొత్తది వేయించాడు. ఇంజన్‌లోని చక్రాలన్నీ ఒకే లెక్కన తిరిగేలా పట్టి ఉంచేది ఆ బెల్టే. చక్రాల మీది గుర్తులను ఇంజన్ మీది గీతలకు కలిపి దాన్ని వేయాలి. మర్నాడు పొద్దున కట్ట సగానికి వచ్చేసరికి బండి గట్టిగా అరిచింది, తెల్లటి పొగ కక్కింది, ఇక కదలనంది. అందరం దిగి నడిచాం. ఖాళీ బండి రొప్పుకుంటూ మా వెనక వచ్చింది.

రెండో రోజూ అంతే. మూడో రోజు ముఠా పెద్ద ఎల్లక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది జాల్యా, కిరాయి ఇచ్చుడు మాదే, నడుసుడు మాదేనా?"

"నేనేం జేత్తనక్కా! బంకోళ్లు డీజిల్ల నీళ్లు కలిపిన్రు."

ట్యాంకు ఖాళీ చేశాడు, డీజిల్ ఫిల్టరు మార్చాడు. బండి ఎక్కలేదు. ఎయిర్ ఫిల్టరు విప్పి దుమ్ము దులిపాడు. ఎక్కలేదు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని జాకీ పెట్టి చక్రాలు తిప్పి చూశాడు. అవి హాయిగా తిరిగాయి. చివరికి మా వైపు తిరిగి, "పోయినేడుకంటె మీరే జర బరువెక్కిన్రు" అన్నాడు. ఆ మాటకు ఎల్లక్క అందుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. ఆ సాయంత్రం దిష్టి తీయించి బంపరుకు నిమ్మకాయ కట్టాడు. నిమ్మకాయ కూడా మాతోపాటు కట్ట కిందే ఆగింది.

నగేష్‌ను అడిగితే మీసం మెలేశాడు. "మార్కుకు మార్కు కలిపి ఏసిన. నా పనికి వంక పెట్టకు. నీ బండే ముసల్దైంది." దానికి జాల్యా కోపం తెచ్చుకుని వచ్చేశాడు. విప్పి చూడమని ఈయన అడగడు, చూస్తానని ఆయన అనడు. మధ్యలో మేం ఎండలో కట్ట ఎక్కుతున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు చేను దగ్గర దిగుతూ ఎల్లక్క మెల్లగా చెప్పింది. తిట్టినప్పటికన్నా ఆ మెల్లదనమే భయం పుట్టించింది.

"తమ్మీ, మేం పోయేసరికి ఎండెక్కుతుంది, ఆసామి గులుగుతుండు. దంతాలపల్లి బండాయన వస్తనన్నడు. రేపొక్క దినం సూస్తం. రేపు గిట్లనే దింపినవో, ఇగ మేం ఆ బండికే పోతం."

సీజను మధ్యలో ముఠా పోతే జాల్యాకు ఇంకో ముఠా దొరకదు. సాయంత్రం కురవికి తిరిగొచ్చేటప్పుడు జాల్యా దారంతా డీజిల్‌ను గానీ రోడ్డును గానీ ఒక్క మాట అనలేదు. నాకు జాలేసింది, కోపమూ తగ్గలేదు. ఆడవాళ్లు దిగిపోయాక బండిని నేరుగా నగేష్ షెడ్డుకే పోనిమ్మన్నాను.

"అన్నా, మార్కు కలిపిన అంటున్నవు గద, జర విప్పి చూపియ్యి" అన్నాను నగేష్‌తో.

టీచరమ్మ అడిగిందని సణుగుతూనే విప్పాడు. పానాతో ఇంజన్‌ను మెల్లగా తిప్పి, డీజిల్ పంపు చక్రం మీద టార్చి కొట్టాడు. "ఇగో, గీ ఎర్ర సుక్క గీ గీతకు ఎదురుంగ ఉన్నదా లేదా? నువ్వే సూడు."

ఉంది. సరిగ్గా ఎదురుగానే ఉంది. జాల్యా వంగి చూశాడు. గోటితో ఆ చుక్కను గీకాడు.

"అన్నా, గది మార్కు గాదు" అన్నాడు చివరికి. "బొట్టు."

దసరాకు బండి పూజ చేసినప్పుడు మూతలు విప్పి మరీ, ఇంజన్‌లో చెయ్యి అందిన ప్రతిదానికీ బొట్టు పెట్టాడట. ఏటా కుంకుమ రెండు రోజులకే చెరిగిపోతోందని, ఈసారి గడపలకు వేయగా మిగిలిన ఎర్ర రంగుతో పెట్టాడు. నగేష్ కిరసనాయిలు గుడ్డతో చక్రాన్ని రుద్దాడు. బొట్టు పోయింది. దాని పక్కన, ఒక పన్ను అవతల, జిడ్డు కింద అసలు గాటు బయటపడింది.

"బొట్టు ఎవడన్న పెయింటుతోటి పెడతడా!" అని నగేష్ అరిచాడు.

"నువ్వు తుడిసి సూడొద్దా మరి!" అని జాల్యా అంతకన్నా గట్టిగా అరిచాడు.

తిలాపాపం తలా పిడికెడు. ఇద్దరినీ కలిపి చెడామడా తిట్టి, ముందు బెల్టు సరిచేయమన్నాను. నాటు వేసే వరుసలో ఒక్కతె వెనకబడితే వరుసంతా చెడినట్టు, ఆ ఒక్క పన్ను తేడాకే ఇంజన్‌కు డీజిల్ వేళకు అందలేదట. నగేష్ కూలి అడగలేదు. జాల్యా క్షమాపణ చెప్పలేదు.

మర్నాడు పొద్దున కట్ట మొదట్లోకి రాగానే వెనక తలుపు చప్పుడైంది. బండి ఆగకముందే ఆడవాళ్లు అలవాటుగా దిగుతున్నారు. జాల్యా కిందికి ఉరికాడు.

"దిగకుండ్రి అక్కా, మంచిగైంది, ఎక్కుతది."

"నిమ్మకాయ కట్టిననాడు కూడ గిట్లనే అన్నవు" అంది ఎల్లక్క. చద్దిమూట చంకన పెట్టుకుని అప్పటికే నడక మొదలుపెట్టింది.

జాల్యా ఆమెకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. "తప్పు నాదేనక్కా. డీజిల్ది గాదు, నగేషన్నది గాదు, మీది గాదు. నేనే ఖరాబు చేసుకున్న. గీ ఒక్కపారి కూసోండ్రి. ఎక్కకుంటె నేనే ఆ బండాయనకు ఫోన్ చేసి పిలుస్త."

జాల్యా నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఎల్లక్క కూడా వినలేదేమో, ఆయన మొహంలోకి కాసేపు చూసింది. వెనక్కి నడిచి బండెక్కింది. ఆమె వెనకే అందరూ ఎక్కారు.

జాల్యా గేరు మార్చాడు. పొగ లేదు, రొప్పు లేదు. బండి నిండు మనుషులతో తిన్నగా కట్ట మీదికి వచ్చేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మెచ్చుకోలేదు. చేను దగ్గర దిగి, తలకు తువ్వాల చుట్టుకుంటూ ఎల్లక్క అంది:

"రేపు జర జల్ది రా జాల్యా. ఎండ ముదరకముందే చేన్ల పడాలె."

"అట్లనే అక్కా" అని మొహం అటు తిప్పుకున్నాడు జాల్యా.