లోకం మునగకముందే ఎడపల్లికి

ఆ రోజుల్లో మా నిజామాబాదుకు ప్రపంచం మధ్యాహ్నం రైలుకు వచ్చేది. ఎన్నికలైనా, ఎక్కడో యుద్ధమైనా, రష్యావాళ్లు ఆకాశంలోకి మనిషిని పంపినా, ఆ సంగతి హైదరాబాదులో అచ్చయి, పేపర్ల కట్టలో రైలు దిగేదాకా మా లెక్కలో జరగనట్టే. దిగాక కూడా నా నోట్లోంచి రావాల్సిందే. ఎందుకంటే మా వాడ బీడీల కార్ఖానాలో తడుముకోకుండా పేపరు చదివే మనిషిని నేనొక్కదాన్నే. ఏడో తరగతి పాసయ్యాను, పందొమ్మిదేళ్లు, దేశం నా గొంతు మీదే నడుస్తోందని గట్టి నమ్మకం. (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అంత ఉషారుగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.)

కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. ఇరవైమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరించి, తంబాకు వేసి బీడీలు చుడుతుంటే నేను మధ్యలో కూర్చుని చదవాలి. చదివినంతసేపు నా చేతులకు పని ఉండదు కాబట్టి, చివర్లో ఒక్కొక్కరూ తమ చాటలోంచి గుప్పెడు బీడీలు తీసి నా చాటలో వేయాలి. వార్త రుచిగా ఉంటే గుప్పెడు పెద్దదయ్యేది, లేకపోతే వేళ్లు బిగుసుకుపోయేవి. పంచవర్ష ప్రణాళిక గురించి చదివిన రోజున నా చాటకు అడుగు కనబడింది. "సప్పగున్నదే ఇయ్యాల పేపరు" అంది మా కత్తెరక్క. (ఆకు కత్తిరించడంలో ఆమెను మించినవాళ్లు లేరు, మాటలు కత్తిరించడంలో కూడా.) నాకు రోషం పొడుచుకొచ్చింది. మర్నాటి నుంచి వార్తలకు కాస్త ఉప్పూ కారం తగిలించడం మొదలుపెట్టాను. మంత్రిగారు అన్నారని ఉంటే బల్ల గుద్ది అన్నారని చదివేదాన్ని. వాన పడిందని ఉంటే చెరువు తెంపేసేదాన్ని.

సరిగ్గా అలాంటి సమయంలో, అరవై రెండో సంవత్సరం చెరుకు నరికే రోజుల్లో, అష్టగ్రహ కూటమి వచ్చి పడింది. ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయట, శనివారం నుంచి సోమవారం దాకా గండమట, ప్రళయం వస్తుందని కొందరు జ్యోతిష్కులు అంటున్నారట. పేపర్లో ఉన్నది నాలుగు వాక్యాలు, నేను చదివింది అరగంట. భూమిని వణికించాను, కొండల్ని కూల్చాను, సముద్రాన్ని లేపి నిలబెట్టాను. అందరి చేతుల్లో బీడీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "సముద్రం మనదాక వస్తదా పిల్లా?" అని కత్తెరక్క గొంతు తగ్గించి అడిగితే, "దినాం పేపరు వస్తలేదా? సముద్రానికేం రోగం?" అన్నాను. ఆ రోజు నా చాట పొంగి పొర్లింది.

బుధవారానికల్లా కార్ఖానా తలకిందులైంది. లోకమే మునిగిపోతుంటే బీడీలు ఎవరు తాగుతారని సగంమంది చుట్టడం మానేశారు. "మునిగేది శనివారం. ఇయ్యాల బుధవారమే గదా, సుట్టుండ్రమ్మా" అని లెక్కలు రాసుకునే మున్షీ బతిమాలుకున్నాడు. కత్తెరక్క ఐతే గుడ్లు పెట్టే కోడిని కోసి వండేసింది. "గ్రహాలకెందుకు ఇడిసిపెట్టాలె" అని ఆమె వాదన. అంతవరకూ నాకు పండగలాగే ఉంది. అప్పుడే మా అవ్వ (మా దిక్కు కన్నతల్లిని అలాగే పిలుస్తాం) తన చాట పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా ఒక మాట అంది.

"శుక్రారం బస్సుకు ఎడపల్లి పోత. చెల్లెను సూడకుంట సస్తనా?"

ఎడపల్లిలో ఉన్నది మా చిన్నమ్మ. అవ్వకూ ఆమెకూ ఐదేళ్లకు పైగా మాటల్లేవు, ఆ మాటల్ని పోగొట్టింది నేనే. చిన్నమ్మ తన బిడ్డను బిలోలిలో ఇచ్చి పెళ్లి చేసింది. ఇచ్చిన నాడు బిలోలీ మనమూ ఒకటే హైదరాబాదు రాష్ట్రం. ఆరేడు నెలలు తిరక్కుండానే, యాభై ఆరులో, రాష్ట్రాల్ని విడదీసి గీతలు గీస్తే బిలోలి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ఆ వార్తను పదమూడేళ్ల నేను మా ఇంట్లో, చిన్నమ్మ మా ఇంటికి వచ్చి కూర్చున్న రోజే, గట్టిగా చదివాను. ఆ సంబంధం దూరమని మొదటి నుంచీ గొణుగుతున్న అవ్వ చటుక్కున లేచి, "సూసినవా? పిల్లను తీస్కపోయి పరాయి రాజ్యంల ఏసినవ్" అంది. చిన్నమ్మకు కడుపు మండిపోయింది. "నేనిచ్చినప్పుడు మన రాజ్యమే ఉండె. రాజ్యం జరిగితె నాదా తప్పు?" అని చెంగు దులుపుకుని, తాగుతున్న చాయ్ సగంలో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ గడప తొక్కలేదు. ఒక్క వార్తతో ఇద్దరు అక్కాచెల్లెళ్లను విడదీసిన దాన్ని నేను. లోలోపల అది ముల్లులా ఉండేది.

ఆ సాయంత్రం మా వాడలో ఉండే సైన్సు సారు నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. "ఎడపల్లి రోడ్డు మీద నిలబడి చూస్తె బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, ఇవతలి తాటిచెట్టు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టే కనబడతయి. ఆనుకున్నయా? గ్రహాలూ గంతే. రేపో ఎల్లుండో పేపర్ల అసలు సంగతి ఉంటది, అందరికి సదివి చెప్తనని మాటియ్యి" అన్నాడు. ఇచ్చేశాను. నాకు అంత తేలిగ్గా అర్థమైన సైన్సు ఇంకోటి లేదు. ఆకాశం మొత్తం ఒక్కసారి నా బుర్రలో పట్టినట్టయి, ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చి చూస్తే అవ్వ చెల్లెలి కోసం నువ్వుల లడ్డూలు కడుతోంది, పెదవులు ఊరికే కదులుతున్నాయి. అక్కడికెళ్లి ఏం మాట్లాడాలో నేర్చుకుంటోందని తెలిసింది.

గురువారం పేపరు వచ్చింది. మొదటి పేజీలో, గ్రహాల బొమ్మ పక్కనే, చుట్టూ గడి కట్టి మరీ ఉంది. శాస్త్రవేత్తల మాట, ఏమీ జరగదు, ఎవరూ భయపడనక్కర్లేదు. ఇరవైమంది నా మొహంలోకి చూస్తున్నారు. ఎదురుగా అవ్వ. చదివితే సారుకిచ్చిన మాట నిలబడుతుంది, కోళ్లు బతుకుతాయి, మున్షీ బతుకుతాడు. కానీ అవ్వ రేపు బస్సెక్కదు. ఇంక ఎప్పటికీ ఎక్కదు. నా వేలు ఆ గడి మీద ఆగింది. గుక్క తిప్పుకుని, పక్కనున్న ఎన్నికల ఉపన్యాసాన్ని, ఓట్లు నాకే పడాలన్నంత ఆవేశంతో ఆసాంతం చదివేశాను. "గ్రహాలేమంటున్నయే?" అంది కత్తెరక్క. "ఇయ్యాల ఏమనలే" అన్నాను. సైన్సుకు నేను చేసిన ద్రోహం అదొక్కటే, అదీ కళ్లు తెరుచుకునే చేశాను.

శుక్రవారం ఇద్దరం బస్సెక్కాం. జానకంపేట దాటినప్పటి నుంచీ దారి నిండా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లే. బస్సు నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "జరుగుండ్రి బిడ్డా, లోకం మునుగుతుంటె ఇంక చక్కెరెందుకు?" అని బండివాళ్ల మీద అరిచింది. ఎడపల్లిలో దిగి ఇల్లు చేరేసరికి చిన్నమ్మ వాకిట్లో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అవ్వ నేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో, లడ్డూల మూట ముందుకు చాపి నిలబడిపోయింది.

"లోకం మునుగుతదంటె గాని యాదికి రాకపోతినా అక్కా?" అంది చిన్నమ్మ.

"నువ్వు మాత్రం వచ్చినవా?"

"రేపు పొద్దుగాల వద్దామనుకున్న."

"మునిగినంక వస్తవా?"

అంతే, ఇద్దరూ తిట్టుకుంటూ ఏడుస్తూ ఒకరి మీద ఒకరు పడిపోయారు. లోపల్నించి బిలోలి అక్క కూడా వచ్చింది, తల్లి దగ్గరే ఉండి చద్దామని ఆమె కూడా ముందే బయల్దేరి వచ్చేసిందట. అవ్వ ఆమె చెంపలు నిమిరి, ఐదేళ్లుగా మనసులో ఉన్న అనుమానం బయటపెట్టింది. "వచ్చేటప్పుడు తొవ్వల గీత కనబడ్డదా బిడ్డా?" అక్క నవ్వింది. "గీతెక్కడిది పెద్దమ్మా? ఆ దిక్కు చెరుకే, ఈ దిక్కు చెరుకే." అవ్వ మూట విప్పి ఆమె చేతిలో లడ్డూ పెట్టింది. ఆ మూడు రోజులు ప్రళయం కోసం ఎదురుచూస్తూ మేం తిన్నంత తిండి, నవ్వినంత నవ్వు నా జన్మలో మరి లేవు. సోమవారం పొద్దు వాలింది, ఆకాశం ఉన్నచోటే ఉంది. నాకు కాస్త నిరాశ కలిగిన మాట కూడా నిజమే.

తిరిగొచ్చాక కార్ఖానాలో నాకు జరగాల్సిన మర్యాద జరిగింది. కత్తెరక్క కోడిని తలుచుకుని తలుచుకుని తిట్టింది. సారు ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. వారం రోజులు నా చాటలో ఒక్క బీడీ పడలేదు, ఇంక పేపరు ఎవరైనా వేరేవాళ్లు చదవాలన్నారు. (చదవగలిగినవాళ్లు లేక బతికిపోయాను.) ఆ వారమంతా అవ్వ తన చాటలోంచి సగం తీసి నా చాటలో వేస్తూ వచ్చింది. ఒకరోజు ఉండబట్టలేక నిజం చెప్పేశాను. అవ్వ బీడీ చుట్టడం ఆపనే లేదు.

"ఎరికే. ఆ దినం బొమ్మ పక్కన నీ ఏలు ఆగింది, నోరు వేరే కాడికి పోయింది. నాకు అచ్చరాలు రావు గాని బిడ్డ మొకం సదువరాదా?"

"మరి ఎందుకు పోయినవే?"

"లోకం మునుగకపోతె ఏ మొకం పెట్టుకొని పోదును?"

ఆ తర్వాత ఏడేళ్లకు మనుషులు చంద్రుడి మీద దిగారు. నేను ఈసారి ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం వదలకుండా చదివాను. అందరూ నోళ్లు తెరుచుకుని ఉండగా అవ్వ చాట దించి లేచింది. "చెల్లెకు ఎవలు చెప్తరు?" అని సంచి అందుకుంది. అవ్వకు పేపర్లో ఏ పెద్ద వార్త పడినా అర్థం ఒకటే, ఎడపల్లి బస్సు.

ఇప్పుడు వార్తలు నా అరచేతి ఫోన్లోకి వస్తున్నాయి. లోకం మునుగుతుందని నెలకొకసారైనా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, నాలాగే ఉప్పూ కారం చల్లి. నేను కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదువుతాను, ఏ మూలన ఏమీ జరగదని రాశారో వెతికి పట్టుకుంటాను. పట్టుకున్నాక, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, చాలా రోజులుగా మాట్లాడని నా తోడబుట్టిన చెల్లెలికి ఫోన్ చేస్తాను.