ఆమె చదవని వార్త

వార్తలక్క నోట అబద్ధం రాదని ఆ వీధిలో గట్టి నమ్మకం. మబ్బు పట్టినా సరే, వాన లేదని రేడియోలో ఆమె చెబితే ఉతికిన బట్టలు ఆరుబయటే వదిలేసేవారు.

పెళ్లికి ముందే ఆమె రేడియో కేంద్రంలో చేరింది. మొదట్లో కూరగాయల ధరలు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్లు చదివించేవారు. తర్వాత స్థానిక వార్తలు అప్పజెప్పారు. పర్మినెంటు మాత్రం చేయలేదు. అడిగినప్పుడల్లా "చూద్దాంలేమ్మా" అనేవారు. అధికారులు మారారు గానీ ఆ మాట మారలేదు. చేతికొచ్చిన ఏ ప్రకటననైనా నలుగురికీ ఫోన్ చేసి కనుక్కోనిదే ఆమె మైకు ముందు కూర్చునేది కాదు. ఇంట్లోనూ అదే గొంతు. "కూరలో ఉప్పు లేదన్నా వార్తలు చదివినట్టే ఉంటుందే అమ్మాయ్" అని అత్తగారు నవ్వేది.

కేంద్రంలో 'స్టెప్నీ' అని ఒకటుండేది. చదివేవాళ్లకు జ్వరమొచ్చినా, బస్సు తప్పిపోయినా వేసుకోవడానికి ముందే రికార్డు చేసిపెట్టిన బులెటిన్. ఎప్పుడైనా చెల్లే సంగతులే అందులో ఉండేవి. గ్రంథాలయం వేళలు, మొక్కల పంపిణీ, కుళాయి నీళ్లు పరీక్షించాకే వదులుతున్నారు కాబట్టి నిశ్చింతగా తాగవచ్చు అని ఒక ముక్క. అందరిలాగే ఆమె కూడా ఎప్పుడో ఒకటి చదివి ఇచ్చింది.

ఆ వేసవిలో కుళాయి నీళ్లు కంపు కొట్టసాగాయి. నీళ్లు బాగానే ఉన్నాయని పురపాలక కార్యాలయం ప్రకటన పంపింది. ఆమె అలవాటుగా నీళ్లు శుద్ధి చేసేచోటికి ఫోన్ చేసింది.

"పరీక్షా? కలపడానికి మందే లేక కూర్చుంటేనూ" అన్నాడు అక్కడి మనిషి.

ఆమె ఆ కాగితం తీసుకెళ్లి అధికారి బల్లమీద పెట్టింది. "ఇది నేను చదవను సార్."

"వాళ్లు రాసిచ్చారు, మనం చదువుతాం. మధ్యలో నీకేం నొప్పి?"

"తాగేది జనం కద సార్."

ఆయన ఆ కాగితాన్ని సొరుగులో పడేశాడు. "సరేలే, ఇవాళ్టికి ఇంటికెళ్లు" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనాన్ని ఆమె నమ్మింది. ఆమె ఇంకా బస్సులో ఉండగానే ఆయన ఆమె స్టెప్నీ వేయించాడు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి టైలరమ్మ ఏడుపు మొహంతో వచ్చింది.

"పాపకి సెలైన్ ఎక్కిస్తున్నారక్కా. ఒకటే వాంతులు. నువ్వు చెప్పావనే కాచకుండా తాగించాను."

"నేనా? నేను చెప్పలేదే."

"చెవులారా విన్నాను. నీ గొంతు నాకు తెలీదా?"

"నేనూ విన్నానే" అంది అత్తగారు వెనకనుంచి.

జరిగింది అర్థమయ్యేసరికి ఆమె ఒళ్లు మండిపోయింది. తిన్నగా కేంద్రానికి, అధికారి దగ్గరికి వెళ్లింది.

"నేను చెప్పనన్న మాట నా గొంతుతోనే చెప్పించారు."

"ఎప్పుడో నువ్వన్నదేగా."

"అప్పుడు పరీక్షలు చేసేవాళ్లు. ఇప్పుడు ఆ పిల్ల ఆసుపత్రిలో ఉంది."

"కోపం తగ్గించుకో. పాత రికార్డింగు నీ పొరపాటువల్ల వెళ్లిందని సాయంత్రం ఒక ముక్క చదివెయ్. నీ పర్మినెంటు సంగతి ఈసారి నేనే పైవాళ్లతో మాట్లాడతాను."

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట! చేసింది ఆయన, నెత్తిన వేసుకోవలసింది ఆమె. సాయంత్రం మైకు ముందు ఎర్రదీపం వెలగ్గానే ఆమె మొదలుపెట్టింది.

"నిన్న నీళ్ల గురించి మీరు విన్నది పాత రికార్డింగు. అది వేయించింది నేను కాదు. కుళాయి నీళ్లు పరీక్షించడం లేదు. మరిగించి తాగండి. పిల్లలకు వాంతులైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

అద్దానికి అవతల అధికారి ఆపమని చేతులూపుతున్నాడు. ప్రసారం ఆపే మీటల దగ్గర కూర్చునే పెద్దాయన ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. ఆయన కళ్లజోడు తీసి తాపీగా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆమెను మర్నాటినుంచి రావద్దన్నారు.

పాప కోలుకుని ఇంటికొచ్చిన రోజు సాయంత్రం రేడియోలో కొత్త గొంతు వినిపించింది. కలుషిత నీటి గురించి ప్రజలను సకాలంలో హెచ్చరించినందుకు రేడియో కేంద్రం అధికారిని పురపాలక సంఘం సన్మానించిందట.

అత్తగారు బిత్తరపోయింది. "చెప్పింది నువ్వు కదే అమ్మాయ్?"

"అవునత్తయ్యా."

"మరి శాలువా వాడికేమిటి?"

"అదే అడిగొస్తాను" అని ఆమె చెప్పులు వేసుకుంది.

"ఉండు, నేనూ వస్తా" అంటూ టైలరమ్మ పాపను భుజాన వేసుకుని వెంట నడిచింది.