పెరుగు కలిసిన పులుసు

హాజరు పిలుస్తుంటే "ఉన్నానండీ" అన్న గొంతు వినగానే నా చేతిలో పెన్ను ఆగింది. తలెత్తకుండానే తెలిసిపోయింది ఎవరో. ఏలూరులో మా శిక్షణ క్లాసు అది. నేను ప్రొబేషన్ ఆఫీసర్ని. జైలు వార్డర్లకీ, కోర్టు కానిస్టేబుళ్ళకీ రెండేసి రోజులు పాఠం చెబుతాను. ఖైదీతో ఎలా మాట్లాడాలి, ములాఖత్‌కి వచ్చినవాళ్ళని ఎలా చూడాలి, ఏం చేస్తే మనిషి మళ్ళీ జైలు గడప తొక్కడు. ఎవరో ఊహించి రాసినవి కావు, చేసి చూసి తేల్చుకున్న పద్ధతులు. మూడో వరసలో కూర్చున్న ఆ హెడ్ వార్డరుకి మాత్రం పద్ధతులతో పనిలేదు. సర్టిఫికెట్టు కావాలి. అది లేనిదే ప్రమోషన్ ఫైలు కదలదు, రిటైర్మెంటు చూస్తే ఏడాదిలో పడింది.

నా చేతికి చిక్కాడు అనుకున్నాను. సిగ్గుపడకుండా చెబుతున్నా, ఆ మాట అనుకోగానే ఒళ్ళంతా హాయిగా అనిపించింది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో చెరువు గట్టు తగాదాలో మా నాన్నని రిమాండుకి పంపారు. తర్వాత కేసు కొట్టేశారనుకోండి, కానీ అప్పటికే మూడు నెలలు ఆయన లోపల ఉన్నాడు. ఏ జైలో చెప్పను. వారం వారం అమ్మా నేనూ కొల్లేటికోటలో పడవెక్కి, కైకలూరులో బస్సు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. అమ్మ చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. ఒక గిన్నెలో కొరమేను పులుసు, పై గిన్నెలో పెరుగు.

గేటు దగ్గర ఈయనే ఉండేవాడు. అప్పటికి ఉత్త వార్డరు. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. "ఏవండీ, ఇలా ఇవ్వండమ్మా, చెకింగ్ చెయ్యాలి కదండీ" అంటూ గిన్నెలు విప్పేవాడు. పెరుగు తీసి పులుసులో వంపేవాడు. గరిటెతో అడుగుదాకా కలిపేవాడు. "లోపలేమైనా ఉంటే తేలాలి కదండీ, ఏమనుకోకండి." చేపా పెరుగూ కలిపి తినకూడదని మా వైపు ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. బొల్లి వస్తుందంటారు. ఆయనకి తెలియదేమో అనుకునేది అమ్మ. తడిగుడ్డతో గొంతు కోసే రకం అని నేననుకునేదాన్ని.

బయటికొచ్చాక నాన్నని అడిగాను, అవన్నీ పారబోసేవాడివా అని. "మీ అమ్మ అంత దూరం మోసుకొచ్చింది పారబోస్తానా" అన్నాడు. పోయేదాకా మళ్ళీ పెరుగు ముట్టలేదు.

క్లాసు రెండో రోజు అమ్మ క్యారేజీలో చేపల పులుసూ పెరుగూ పెట్టుకుని తీసుకెళ్ళాను. దేనికే అని అడిగింది, పాఠానికి అన్నాను. ములాఖత్ ఎలా జరపకూడదో చేసి చూపించడం మా పాఠంలో ఒక భాగం. ఒకరు వార్డరు, ఒకరు వచ్చిన మనిషి. వార్డరు వేషం నేను తీసుకున్నాను. వచ్చిన మనిషిగా ఆయన్ని పిలిచి క్యారేజీ చేతికిచ్చాను.

నలభై మంది ముందు, ఆయన గొంతుతోనే, అంత మెత్తగానే, "ఏవండీ, ఇలా ఇవ్వండి, చెకింగ్ చెయ్యాలి కదండీ" అన్నాను. పెరుగు పులుసులో వంపాను. నిదానంగా కలిపాను. హాలంతా వాసన. ఒకరిద్దరు ముక్కు మూసుకున్నారు. ఆయన చేతులు కట్టుకుని గిన్నె వైపే చూస్తూ నిలబడ్డాడు. ముఖంలో ఏమీ లేదు. నిమ్మకి నీరెత్తినట్టున్నాడు.

తర్వాత రాత పరీక్ష. ప్రశ్న ఒకటే: వచ్చినావిడ మనసులో ఏముండి ఉంటుంది? ఆయన ఏం రాస్తాడో నాకు ముందే తెలుసు. రూలు ప్రకారం చేశారు గనక ఆవిడకి ఏ ఇబ్బందీ లేదని రాస్తాడు. సున్నా పెడతాను. ప్రమోషన్ గోదాట్లో కలుస్తుంది. రూలు ప్రకారమే పగ తీరుతుంది, నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

కాగితం తీశాను. గుండ్రటి అక్షరాలు.

"ఆవిడ తెల్లారగట్లే లేచి వండి ఉంటుంది. ఇప్పుడది తినడానికి పనికిరాదు. అయినా ఆయన తింటాడని ఆవిడకి తెలుసు, అందుకే ఎక్కువ బాధ. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో ఏడుస్తుంది. పై వారం మళ్ళీ వండుకొస్తుంది. నోరెత్తదు, ఎత్తితే ములాఖత్ ఆపుతారని భయం."

క్లాసు మొత్తంలో అంత బాగా రాసినవాడు లేడు. ఇన్నేళ్ళూ నా కోపం అడుగున అమ్మ చెప్పిన మాట ఒకటి మిగిలి ఉండేది, తెలియక చేశాడేమోనని. తెలియక కాదు. అమ్మ బస్సులో ఏడ్చేదన్న సంగతి కూడా తెలిసే, వారం వారం కలిపాడు. ఆ కాగితం చింపేద్దామనుకున్నాను. చింపితే ఆయన గెలిచినట్టే.

ఇరవైకి ఇరవై వేశాను.

బాగా రాసినవాళ్ళని తర్వాతి బ్యాచ్‌లకి చేసి చూపించడానికి పిలిపించుకునే హక్కు మాకుంది. ఆయన పేరు సిఫారసు చేశాను. నెలకో బ్యాచ్, రిటైరయ్యేదాకా. పాఠంలో ఇంకో ముక్క కలిపాను: వచ్చిన మనిషి వేషం అయ్యాక, లోపలున్న మనిషి వేషంలో కూర్చుని ఆ అన్నం తినాలి. ఆ తర్వాత తన జవాబు తనే పైకి చదవాలి.

అమ్మకి అప్పుడు అంతా చెప్పాను. ఆయన తినాల్సిన రోజు పొద్దున్న లేచేసరికి క్యారేజీ కట్టి ఉంది.

"పెరుగు రెండ్రోజులు పులియబెట్టానే" అంది.

ఆ నెల ఆయన అందరి ముందూ కూర్చుని తిన్నాడు. ముద్ద ముద్దకీ మంచినీళ్ళు తాగాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాగితం తీసి చదివాడు, బస్సులో ఏడవడం దగ్గర మాత్రం ఆగి, మళ్ళీ చదివాడు. అందరూ టీకి లేచాక క్యారేజీ తనే కడిగి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మీ అమ్మగారు బాగున్నారా అండీ?" అన్నాడు, అదే గొంతు.

"బాగుందండీ" అన్నాను. "పై నెల కూడా ఆవిడే వండుతుంది."