కోడిపుంజు ఓటు

సైప్రస్‌లో మేం మరోనైట్ క్రైస్తవులం, పిడికెడుమందిమి. దీవి రెండు ముక్కలైనప్పుడు మా కోర్మకీతి ఊరు టర్కుల వైపు చిక్కుకుపోయింది. పిల్లలంతా గ్రీకుల వైపు బతుకుతూ ఆదివారం పూజకు సరిహద్దు గేటు దాటి వస్తారు. వాళ్ళకోసం మరికూ పెద్దమ్మ శనివారమే మట్టి పొయ్యిలో రొట్టెలు కాల్చి ఉంచుతుంది.

ఒక ఆదివారం పూజ కాగానే, గ్రీకుల వైపు పార్లమెంటులో మా ప్రతినిధి పదవికి నిలబడ్డ ఇలియాస్ ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దమ్మా, ఓటు నాకే వెయ్యాలి."

"వేస్తాలేరా. గెలిస్తే అక్కడ చెయ్యెత్తుతావా?"

"అక్కడ ఓటేసే హక్కు మనకు లేదు కదా. కూర్చుంటాను, మనవాళ్ళ గురించి మాట్లాడతాను."

"మా కోడిపుంజూ కూస్తుంది. తెల్లారడం దాని చేతిలో ఉందా?"

అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు.

"దేశం పుట్టిన ఏడు, గ్రీకుల్లో కలుస్తారా టర్కుల్లో కలుస్తారా తేల్చుకోమన్నారు. మేం మేమేనంటే వినేవాడేడీ? మా నాన్న గ్రీకులకే ఓటేసొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు."

ఓట్ల రోజున ఆమె నల్ల గుడ్డ తలకు చుట్టుకుని బస్సెక్కింది. గేటు దగ్గర టర్కు పోలీసు కాగితం చూసి, "ఎక్కడికవ్వా?" అన్నాడు.

"కోడిపుంజును ఎన్నుకోడానికి."