సరంగు బాబాయిగారు నడిపిన అంతరిక్ష నౌక

గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు ఎక్కినప్పుడల్లా డీజిల్ పొగ, తడిసిన మోకుల వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. మొన్న కూడా అంతే. సఖినేటిపల్లి రేవులో మోటారు సైకిళ్ల మధ్య నిలబడ్డానో లేదో, సత్యానందం బాబాయిగారు గుర్తొచ్చారు. ఈ రేవులోనే ముప్పయ్యేళ్లకు పైగా పంటు నడిపిన సరంగు ఆయన. మా నాన్నతో కలిసి చదువుకున్నారు. కంప్యూటరు ఎన్నడూ ముట్టుకోని ఆ మనిషి నాకు నా పని నేర్పారంటే మా ఆఫీసులో చాలామంది నమ్మరు.

వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీకి నేను రాజోలులో మా ఇంటి నుంచే పనిచేస్తాను. అప్పట్లో మేం చేస్తున్నది అంతరిక్ష యుద్ధం ఆట. అందులో నౌక కదలిక, శత్రువు మీద గురి నా బాధ్యత. మొదటిసారి కొందరి చేత ఆడించి చూస్తే, పావుగంటకే చాలామంది వదిలేశారు. నౌక మాట వినడం లేదన్నారు, ఎంత కాల్చినా తగలడం లేదన్నారు. వాళ్లకు ఆడడం చేతకాదని నేను వాదించాను. మా టీం లీడరు ప్రసాద్ గారు మాత్రం, గురి చూసే పని మొత్తం ఆటకే వదిలేయమన్నారు. నెలలో కుదరకపోతే యుద్ధం భాగమే తీసేస్తామన్నారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ బాబాయిగారు నాన్నను చూడడానికి మా ఇంటికొచ్చారు. సరదాకి ఆట తెరిచి కంట్రోలరు ఆయన చేతిలో పెట్టాను. శత్రువులు చుట్టుముడుతున్నా ఆయన ఒక్క గుండూ పేల్చలేదు. నౌకను కాస్త ముందుకు తోసి, చేతులు తీసేసి చూశారు. పక్కకు తిప్పి మళ్లీ వదిలేశారు.

"పేల్చండి బాబాయ్ గారూ!"

"ఉండమ్మా. ముందు దీని నడక తెలియాలి కదా. వదిలేస్తే ఎంత దూరం పోతాదో ఇది చెప్పట్లేదు."

"అంతరిక్షంలో అంతేనండీ. బ్రేకులుండవు."

"గోదాట్లోనూ ఉండవు. రేపు రేవుకి రా."

మర్నాడు జనం దిగిపోయాక, ఖాళీ పంటును నదిలోకి తీసుకెళ్లి, చుక్కాని చక్రం నా చేతికిచ్చి పక్కనే నిలబడ్డారు. తిప్పాను, పంటు తిరగలేదు. ఇంకా తిప్పాను. అప్పుడు ఒక్కసారిగా అవసరానికి మించి తిరిగిపోయింది. ఆయన తాపీగా సరిచేశారు.

"చూసేవా? నీ చెయ్యి తిరిగేక కాసేపటికి గాని ఇది తిరగదు. ముందు భాగం కేసి చూడకు. అది ఇప్పుడెక్కడున్నామో చెబుతాది, అంతే. చేరబోయే చోటు చూడు. అదిగో, ఆ నాటుపడవ కూడా మనం వెళ్లేసరికి అక్కడుండదు."

"ఆయ్" అన్నాను. తల వంచుకునే అన్నాను. ఆడేవాళ్లకు చేరబోయే చోటు నేనెక్కడా చూపించలేదు.

ఆ వారం నేను రాసినదాంట్లో సగం కొట్టేశాను. నౌక ఎటు సాగిపోతుందో చూపే సన్నని గీత పెట్టాను. గుండు వెళ్లేసరికి శత్రువు ఉండబోయే చోట ఒక చిన్న వలయం పెట్టాను. అన్నిటికంటే దగ్గరున్న శత్రు నౌకను కాక, ఆటగాడు ఎటు తిరిగి ఉన్నాడో అటున్న నౌకనే గురి పట్టుకునేలా మార్చాను. ప్రసాద్ గారు చెప్పినట్టు గురి మొత్తం ఆటే చూసుకునేలా ఇంకొకటి చేసి, రెండూ బాబాయిగారికి చూపించాను. ఆయన ఆ రెండోది క్షణంలో పక్కన పెట్టేశారు.

"అన్నీ అదే చేసేస్తే నేనెందుకమ్మా ఇక్కడ?"

మీటింగులో, తప్పు ఆడేవాళ్లది కాదు, నాదేనని చెప్పాను. గురి మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టాను. ప్రసాద్ గారు ఒక్క అవకాశం ఇచ్చారు. ఈసారి ఆడించి చూస్తే పావుగంట దాటినా ఎవరూ లేవలేదు. యుద్ధం ఆటలో నిలిచింది.

మరో రెండేళ్లకు బాబాయిగారి చూపు మసకబారింది. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. ఒక ఉదయం పంటును ఒడ్డుకు ఆనించి, నేరుగా వెళ్లి, ఇక నడపనని యజమానికి చెప్పేశారు. తెలిసి నేను చూడ్డానికి వెళ్లాను.

"ఎవరికీ తెలియలేదు కదండీ, ఇంకొన్నాళ్లు నడపాల్సింది."

"నాకు తెలిసింది కదమ్మా. ఎనకాల అంతమంది జనం. ఏదన్నా అయ్యేక ఒప్పుకుంటే ఏం లాభం?"

ఆ మాటలో బాధ ఉంది గాని తడబాటు లేదు. నిరుడు ఆయన పోయారు.

ఇప్పుడు కదలిక, గురి పనులు చూసే జట్టు నా కిందే ఉంది. ఈమధ్య ఆటలో ఒక కొత్త నౌక విడుదలకు అంతా సిద్ధమైంది. ఆ నౌక మలుపు తిరిగి ఆగేటప్పుడు వెంట్రుకవాసి జారుతోంది. ఆ భాగం రాసింది నేనే. విడుదల ఆపించాను. అంత సన్నటి తేడా ఎవరూ గమనించలేదని, వదిలేద్దామని జట్టులో ఒకతను అన్నాడు.

"నేను గమనించాను" అన్నాను.