మా వదిన కాలు, నా మెడ

మా ఆయన అక్క ఎదురుకాళ్ళతో పుట్టింది. తల కంటే ముందు కాళ్ళు బయటపడిన మనిషి తన్నితే పట్టేసిన నడుమైనా మెడైనా, ఏ సుళుక్కయినా వదిలిపోతుందని మా గుడియాత్తం వైపు గట్టి నమ్మకం. మా ఇంటికి ఎడమ పక్కిల్లే ఆమెది. పొద్దున్నే వాకిట్లో జనం వీపులు వంచి కూర్చునేవారు. మా వదిన కాలిపట్టీ సర్దుకుని, అమ్మవారు దిగివచ్చినట్టు వచ్చి ఒక్కొక్కరినీ తన్నేది. తన్నులు తిని దండం పెట్టి పోయేవాళ్ళను నేను అక్కడే చూశాను.

మా ఆయన మేస్త్రీ. ఊళ్ళోకి రంగు టీవీలు, డిష్షులు దిగుతున్న ఆ ఏళ్ళలో వేలూరు చుట్టూ ఎక్కడ చూసినా కొత్త మేడలే. స్లాబు వేసే రోజు తట్టలు మోయడానికి ముందు నన్నే పిలిచేవాడు. పెళ్ళాం కదా, బతిమాలే పనిలేదు. తడి కాంక్రీటు నెత్తిన పెట్టుకుని పరంజా ఎక్కీ ఎక్కీ, కొన్నేళ్ళకు మెడ వెనక, పుర్రె కింద ఒకచోట నొప్పి పట్టుకుంది. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తితే ఏడుపొచ్చేది.

వదిన నన్నూ తన్నింది, చాలాసార్లు. తన్నినప్పుడల్లా "పోయిందా?" అని అడిగేది. పోయిందనే దాకా మళ్ళీ తన్నేది. అందుకని పోయిందనేదాన్ని.

ఒకరోజు తట్ట జారి, ఆ మేడ కట్టిస్తున్న యజమాని కొత్త కారు మీద పడింది. అప్పుడు గానీ మా ఆయన నన్ను వేలూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ డాక్టరు తమిళంలో "తసైనార్" తెగిందన్నాడు. నార అనే మాట నాకు పట్టుబడింది. పూలు కట్టే అరటినార లాంటిదేదో మెడలోనూ ఉందన్నమాట. అది తెగీ తెగీ అతుక్కోవడం మానేసిందట. నార ఎముకను పట్టుకున్నచోట చక్కెర నీళ్ళు సూదితో ఎక్కిస్తే, కొత్తగా దెబ్బ తగిలిందని ఒళ్ళు మోసపోయి కొత్త నార పుట్టిస్తుందన్నాడు. అందరికీ పనిచేస్తుందని ఒట్టేయలేనని కూడా అన్నాడు. విడతలుగా వేయాలి, అన్నాళ్ళూ బరువు మోయకూడదు, మెడ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. కాలి సంగతి ఆయనకు తెలియదు పాపం.

ఇంటికొచ్చి చెబితే వదిన పడీ పడీ నవ్వింది.

"చక్కెర నీళ్ళకు వేలూరు దాకా పోవల్నా? ఇంట్లో డబ్బా నిండా ఉండాది గదే!"

మా పక్క చక్కెర అంటే జబ్బు పేరు కూడా. నాకు ఆ జబ్బే వచ్చిందని వీధంతా చాటి, కాదని తెలిసి కూడా నాకు చేదు కాఫీ పోసేది.

సూది వేసిన కొన్నాళ్ళు నొప్పి ఇంకా ఎక్కువైంది, తర్వాత మెల్లగా తగ్గింది. రెండో విడత అయ్యాక ఒక పొద్దున బస్టాండులో ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూశాను. తిరిగాక తెలిసింది, నా మెడ తిరిగిందని. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ సంగతి నలుగురికీ తెలిసి, వదిన వాకిట్లో కూర్చునేవాళ్ళు నన్నడిగి వేలూరు బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. అది ఆమె ఓర్చుకోలేకపోయింది.

ఒక శుక్రవారం నేను వంగి బియ్యం ఏరుతుంటే వెనక నుంచి వచ్చింది. "మిగిలిన సుళుక్కు నేను తీసేస్తా, సుమ్మా ఉండు, కదలొద్దు" అంటూనే మడమతో తన్నింది. అంత గట్టిగా ఎప్పుడూ తన్నలేదు. మెడలో టప్పుమంది.

డాక్టరు తడిమి చూసి, ఎవరు చేశారీ పని అని అడిగాడు. మా ఆయన నాకంటే ముందే నోరు తెరిచాడు. "ఎవురూ లేదు సార్. వద్దంటే వినకుండా బిందె ఎత్తింది."

డాక్టరు నన్నే తిట్టాడు. మళ్ళీ మొదటి నుంచి వేయాలన్నాడు, ఈసారి నమ్మకం తక్కువన్నాడు. తిరుగు బస్సులో మా ఆయన "పోనీలే, కుడి పక్కకు తిరుగుతాది గదా" అన్నాడు. నా వైద్యం అంతటితో సరి. వదినేమో తన కాలు పడబట్టే నేను బతికానని చెప్పుకుంది. ఆమెను నేను క్షమించలేదు. ఇప్పటికీ లేదు.

కొన్నేళ్ళకు ఆమె మెడే పట్టేసింది. తనను తాను తన్నుకోలేదు కదా, ఎదురుకాళ్ళ మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరు. తల ఒక పక్కకు వాల్చుకుని వచ్చి మా గడపలో కూర్చుంది.

"ఆ డాక్టరు యాడుంటాడో చెప్పమ్మా" అంది. నన్ను అమ్మా అనడం అదే మొదలు.

నాకు ఆ వీధి తెలుసు, బస్సు దిగి ఏ పక్కకు నడవాలో తెలుసు. లోపలికి వెళ్ళి కాఫీ కలిపాను. రెండు చెంచాల చక్కెర ఎక్కువే వేసి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"వేలూరు దాకా ఎందుకు వదినా? ఇంట్లో డబ్బా నిండా ఉండాది గదా."

ఆమె గ్లాసు ముట్టలేదు. గోడ పట్టుకుని లేచి, మెల్లగా ఎడమ పక్కన వాళ్ళింటి వైపు నడిచింది. ఎలా నడిచి పోతుందో కళ్ళారా చూడాలని ఎంత ఆశపడ్డానో. నా మెడ ఆ పక్కకు తిరగదు.